డోజ్ కేసు: ఫొటో ఒకచోటిది, పేరు ఇంకోచోటిది, తప్పుడు వ్యాకరణం మరోచోటిది

ఒక మీమ్ ఎలా పాకిందని అడిగితే వచ్చే మామూలు జవాబు: "ఎవరో పెట్టారు, అందరూ షేర్ చేశారు." డోజ్ అనే కుక్క మీమ్ విషయంలో ఈ జవాబు పనికిరాదు. ఆ కుక్క ఫొటో నెట్‌లోకి వచ్చింది 2010 ఫిబ్రవరిలో. ప్రపంచం దాన్ని నెత్తిన పెట్టుకుంది 2013 చివర్లో. మధ్యలో ఉన్న మూడున్నరేళ్లకు పైగా కాలంలో ఫొటో మారలేదు. మారిందల్లా దాని చుట్టూ చేరిన మాటలు. అందుకే ఈ కేసులో ఫొటోని, పేరుని, వ్యాకరణాన్ని విడదీసి, ఒక్కోదాని జాడ వేరుగా తీశాం. మీమ్‌ని ఒకే ముద్దగా చూసినంతకాలం అది ఎందుకు పాకిందో అంతుపట్టదు.

ఫొటో

జపాన్‌లో చిబా ప్రిఫెక్చర్, సకురా పట్టణం. అక్కడి కిండర్‌గార్టెన్ టీచర్ అత్సుకో సతో 2008లో జంతు సంరక్షణ కేంద్రం నుంచి ఒక షిబా ఇను కుక్కను తెచ్చుకున్నారు. అమ్మకానికి కుక్కపిల్లల్ని పుట్టించే ఒక చోటు మూతపడితే దిక్కులేకుండా మిగిలిన వాటిలో అదొకటి. మొహం గుండ్రంగా ఉందని కబోసు అనే నిమ్మజాతి కాయ పేరు పెట్టారు. 2010 ఫిబ్రవరిలో ఆమె తన బ్లాగులో కబోసు ఫొటోలు కొన్ని పెట్టారు. వాటిలో ఒకటి మనకు తెలిసిన ఫొటో.

దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కబోసు సోఫా మీద ఉంది. ముందు కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. తల పక్కకు తిరిగి ఉంది, చూపు మాత్రం ఓరగా మనవైపే. కళ్ల పైన లేత రంగు మచ్చలుండటంతో కనుబొమలు ఎగరేసినట్టు అనిపిస్తుంది. ఆ మొహంలో ఉన్నది ఆశ్చర్యమా, అనుమానమా, మొహమాటమా, జాలా? తేల్చి చెప్పలేం. ఇదే ఆ ఫొటోకి ఉన్న బలం. పళ్లు బయటపెట్టి నవ్వే కుక్క ఫొటోని సంతోషానికే వాడగలం. ఈ మొహం పరీక్ష ఫలితాలకీ సరిపోతుంది, పెళ్లిచూపులకీ సరిపోతుంది, కరెంటు బిల్లుకీ సరిపోతుంది. పైగా మొహం చుట్టూ బోలెడంత ఖాళీ జాగా. సోఫా మీదా ఒంటి మీదా అక్షరాలు పడినా కళ్లకు అడ్డం రావు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని సుకీ అనే మరో షిబా ఫొటో కూడా అదే రోజుల్లో ఇదే పద్ధతిలో తిరిగింది. మొదట్లో డోజ్ అంటే ఒక్క కుక్క అని ఎవరూ అనుకోలేదు. కబోసు ఫొటో మిగతావాటిని వెనక్కి నెట్టడానికి ఆ ఓరచూపే కారణమని మా అంచనా.

పేరు

డోజ్ అనే మాట కబోసు కంటే పాతది. 2005 జూన్‌లో హోమ్‌స్టార్ రన్నర్ అనే ఇంటర్నెట్ కార్టూన్ తోలుబొమ్మల ఎపిసోడ్‌లో ఒక పాత్ర డాగ్ (dog) అనే మాట చివర ఇంగ్లీషు e అక్షరం తగిలించి doge అని స్పెల్లింగ్ చెబుతుంది. అక్కడ కుక్కే లేదు, స్నేహితుణ్ణి పిలిచే పిలుపది. 2010 అక్టోబరులో రెడిట్ అనే చర్చల సైట్‌లో ఒక కుక్క ఫొటోకి శీర్షికగా ఈ స్పెల్లింగ్ కనిపిస్తుంది.

రాతలో పుట్టి రాతలోనే పాకిన మాట కావడంతో దీనికి ఒక ఉచ్చారణ అంటూ ముందునుంచీ లేదు. డోజ్ అన్నవాళ్లున్నారు, డోగ్ అన్నవాళ్లున్నారు, డోగీ అన్నవాళ్లూ ఉన్నారు. పాకడానికి ఇది అడ్డం కాలేదు సరికదా, సాయపడింది. ఎలా పలకాలన్న వాదన మొదలైన ప్రతిచోటా ఆ మాట మరో పదిసార్లు టైపైంది. ఇంగ్లీషువాళ్లు పలక్కుండానే టైప్ చేసి పంపేశారు. మన లిపిలో రాయాలంటే ముందు పలుకు తేల్చుకోక తప్పదు. మీమ్ మాటలు తెలుగులోకి వచ్చేటప్పుడు తరచూ తగిలే చిక్కు ఇది.

వ్యాకరణం

కేసులో అసలైన భాగం ఇక్కడుంది.

2007 ప్రాంతంలో నెట్‌ని ఏలింది పిల్లుల మీమ్‌లు. ఇంపాక్ట్ అనే లావుపాటి ఫాంట్, తెల్లటి అక్షరాలకు నల్ల అంచు, పైన ఒక లైను, కింద ఒక లైను. పిల్లి మనతో మాట్లాడుతున్నట్టు వచ్చీరాని ఇంగ్లీషు. డోజ్ అందులో ప్రతిదాన్నీ తిరగేసింది. విన్సెంట్ కొనేర్ 1994లో మైక్రోసాఫ్ట్ కోసం గీసిన కామిక్ సాన్స్ ఫాంట్. రంగురంగుల చిన్న అక్షరాలు, చెల్లాచెదురుగా. వాక్యం లేదు, వరస లేదు. కుక్క మనతో మాట్లాడటం లేదు, దాని మనసులో మెదిలే ముక్కలు మనకు కనిపిస్తున్నాయి. టంబ్లర్ అనే బ్లాగుల సైట్‌లో షిబా కుక్కల ఫొటోల మీద ఇలా రాసే బ్లాగులు ఈ రూపానికి అచ్చు పోశాయి.

ఇక మాటల సంగతి. ఇంగ్లీషులో మచ్ అనేది లెక్కపెట్టలేనివాటికి, అంటే నీళ్లు, డబ్బు లాంటివాటికి. మెనీ లెక్కపెట్టగలిగేవాటికి. సచ్ తర్వాత నామవాచకం రావాలి. సో, వెరీ తర్వాత విశేషణం రావాలి. డోజ్ ఈ జతల్ని కావాలని తారుమారు చేస్తుంది: మచ్ క్యూట్, మెనీ స్కేర్, సచ్ హ్యాపీ, సో డాగ్, వెరీ రన్. ఎక్కడో ఒకచోట విడిగా ఒక వావ్. భాషాశాస్త్రవేత్త గ్రెచెన్ మెకల్లక్ 2014లో ఈ నియమాలను విడమరచి రాశారు. ఐదు మాటలు, ప్రతిదాని పక్కనా దానికి పొసగని జోడీ. అంటే ఇది నోటికొచ్చిన తప్పు కాదు. ఈ తప్పుకి ఒక పద్ధతుంది.

ఆ పద్ధతి ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. రెండు మూడు బొమ్మలు చూస్తే చాలు, నాలుగోది మనమే రాయగలం. చూసినవాడు చేసేవాడుగా మారడానికి పట్టే సమయం ఎంత తక్కువైతే మీమ్ అంత గట్టిది. డోజ్‌కి కావలసింది ఒక బొమ్మ, ఒక పెయింట్ ప్రోగ్రాం, రెండేసి మాటల ముక్కలు నాలుగు నుంచి ఆరు, ఒక వావ్. పెద్దక్షరాలు వద్దు, ఫుల్‌స్టాప్ వద్దు, ఒక్కో ముక్కకీ ఒక్కో రంగు. ముక్కలు ఏడెనిమిది దాటితే మొహం మూసుకుపోతుంది, చదివే కన్ను అలసిపోతుంది. రెండే ఉంటే చెల్లాచెదురు అన్న భావం రాదు. అక్షరాల్ని వరసగా పేరిస్తే అది జాబితాలా కనిపిస్తుంది.

అంటుకున్న తీరు

2013 ఆగస్టులో ఫోర్‌చాన్ అనే మరో చర్చల సైట్ జనం మూకుమ్మడిగా రెడిట్‌లోని అమెరికా దేశభక్తి సరదాల విభాగంలోకి చొరబడి దాన్ని డోజ్ బొమ్మలతో నింపేశారు. వాళ్ల ఉద్దేశం అల్లరి. దాని ఫలితంగా అంతవరకూ టంబ్లర్ మొహం చూడని వేలమందికి ఈ బొమ్మ ఒక్కసారిగా పరిచయమైంది. మీమ్‌లు ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి అభిమానంతోనే వెళ్లవు. విసిగించడానికి విసిరిన బొమ్మ కూడా సరిహద్దు దాటుతుంది, నచ్చినవాళ్లు దాన్ని అట్టే పెట్టుకుంటారు.

అక్టోబరు, నవంబరు నెలల్లో గూగుల్ ట్రెండ్స్ గీత నిటారుగా లేచింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ట్రెండ్స్ చూపించే అంకెలు వెతికినవాళ్ల సంఖ్య కావు. ఎంచుకున్న కాలంలో అన్నిటికంటే ఎక్కువగా వెతికిన సమయాన్ని 100 అనుకుని, మిగతావాటిని దానితో పోల్చి చెబుతాయి. ఐదేళ్ల గీతలో 3గా కనబడే నెల, ఆ నెల ఉన్న ఏడాదిని మాత్రమే తీస్తే 60 కావచ్చు. మొదలు ఎక్కడుందో చూడాలంటే కాలాన్ని చిన్న ముక్కలుగా తీసి చూడాల్సిందే. తెలుగు మీమ్ పేజీల విశ్లేషణల్లో ఎక్కువగా కనబడే పొరపాటు ఇదే.

ఆ తర్వాతి వారాల్లో యూట్యూబ్ ఒక సరదా దాచిపెట్టింది. వెతుకు పెట్టెలో డోజ్ మీమ్ అని కొడితే పేజీలో అక్షరాలన్నీ రంగురంగుల కామిక్ సాన్స్‌లోకి మారిపోయేవి. డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు ఈ ధోరణిలో పోస్టులు పెట్టారు. నాయకులు ముట్టుకున్నారు కాబట్టి ఇక డోజ్ చచ్చినట్టేనని అప్పుడే రాసినవాళ్లున్నారు.

ప్రకటనల్లో డోజ్‌ని వాడబోయిన సంస్థలు చేసిన తప్పు ఏంటో చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర కూడా రోజూ జరుగుతోంది. వాళ్లు ఫాంట్‌ని పట్టుకున్నారు, రంగుల్ని పట్టుకున్నారు, వ్యాకరణాన్ని వదిలేశారు. సో చీప్, వెరీ గుడ్ అని రాస్తే అది శుభ్రమైన ఇంగ్లీషు. పొసగని జోడీ లేకపోతే అది రంగుల ప్రకటనే అవుతుంది, డోజ్ అవదు. కొత్త స్లాంగ్‌ని వాడాలనుకునే పేజీ అడ్మిన్లు ముందు తేల్చుకోవలసింది "ఈ మాటకి అర్థమేంటి" అని కాదు, "ఈ మాటని ఎక్కడ వాడితే తప్పవుతుంది" అని. ఆ రెండో ప్రశ్నకు జవాబు తెలియనంతవరకూ వాడకపోవడం మేలు.

చావలేదు, ఎందుకని?

2013 డిసెంబరు 6న బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ డోజ్‌కాయిన్ విడుదల చేశారు. క్రిప్టో కరెన్సీల మీద వేళాకోళంగా మొదలైంది. దాంతో మీమ్‌కి సొంత ఇల్లు దొరికింది. 2014 జనవరిలో సోచి వింటర్ ఒలింపిక్స్‌కి అర్హత సాధించీ ఖర్చులకు డబ్బులేని జమైకా బాబ్‌స్లెడ్ (మంచు మీద బండి పందెం) జట్టు కోసం డోజ్‌కాయిన్ వాడేవాళ్లు 30 వేల డాలర్లకు పైగా పోగుచేశారు. అదే ఏడాది మేలో అమెరికాలోని టాలడేగాలో జరిగిన నాస్కార్ కార్ల పందెంలో జాష్ వైజ్ నడిపిన 98వ నంబరు కారు మీద కబోసు బొమ్మ ఎక్కింది. దానికి పెట్టిన డబ్బు సుమారు 55 వేల డాలర్లు, అదీ చందాలే.

మామూలుగా ఒక మీమ్‌ని బయటివాళ్లు వాడటం మొదలుపెడితే లోపలివాళ్లు సిగ్గుపడి వదిలేస్తారు. ఇక్కడ లోపలివాళ్ల చేతిలో ఆ మీమ్ పేరుతో డబ్బుంది. వదిలేస్తే నష్టపోయేది వాళ్లే. 2021 మే 8న డోజ్‌కాయిన్ 73 సెంట్ల దాకా ఎగబాకింది. ఈలాన్ మస్క్ టీవీ హాస్య కార్యక్రమానికి వచ్చిన ఆ రాత్రే కిందికి జారింది. జూన్ 11న అసలు ఫొటో ఎన్‌ఎఫ్‌టీ (డిజిటల్ యాజమాన్య పత్రం లాంటిది) 1,696.9 ఈథర్ అనే క్రిప్టో కరెన్సీకి, అంటే అప్పటి లెక్కలో సుమారు 40 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అమ్మింది సతోనే. సొంత బ్లాగులో తేదీతో సహా ఉన్న పోస్టు వల్ల ఆ ఫొటో ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. మన దగ్గర మీమ్ చేసేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది. వాట్సాప్ గ్రూపులో మొదట పెట్టిన బొమ్మ మీదేనని చూపించడానికి ఏ ఆధారమూ మిగలదు. అసలు ఫైలు దాచుకోండి, తేదీ కనబడే బహిరంగ చోట ముందు పెట్టండి.

కొమ్మలు

చైనాలో కబోసు మొహం వేరే పనికి కుదిరింది. వైబో లాంటి అక్కడి సోషల్ మీడియాలో డోజ్ మొహం ఒక ఎమోజీ. వెటకారంగా ఏదైనా అని, చివర ఈ మొహం పెడితే "సరదాకన్నాను, మీద పడకండి" అని అర్థం. కుక్క తల ప్రాణం కాపాడుతుందనే అర్థంతో చైనీస్‌లో నాలుగక్షరాల నానుడి కూడా దీనిమీద పుట్టింది. వ్యాకరణం లేదు, కామిక్ సాన్స్ లేదు, వావ్ లేదు. ఆ ఓరచూపు ఒక్కటే వెళ్లింది, దానికొక కొత్త ఉద్యోగం దొరికింది.

హాంకాంగ్‌లోని బాల్ట్‌జీ అనే షిబా ఫొటో చీమ్స్‌గా మారింది. చీమ్స్ ధోరణిలో మాటల మధ్య మ్ దూరుస్తారు, బర్గర్ కాస్తా బర్మ్‌గర్ అవుతుంది. 2020లో ఈ రెండు కుక్కలూ ఒకే బొమ్మలోకి వచ్చాయి: ఎడమవైపు కండలు తిరిగిన డోజ్, కుడివైపు నీరసంగా కూర్చున్న చీమ్స్. పైన అప్పుడు, ఇప్పుడు. ఈ రూపానికి ఇంగ్లీషు వ్యాకరణంతో పనిలేదు. అందుకే అది తెలుగులో ఇట్టే ఒదుగుతుంది. "అప్పట్లో తాతయ్య: బడికి ఐదు మైళ్లు, కాళ్లకు చెప్పుల్లేవు. ఇప్పుడు మనవడు: లిఫ్ట్ పనిచేయట్లేదా, అయితే రేపొస్తా." తరాల పోలిక మన ఇళ్లలో రోజూ వినబడేదే కాబట్టి బొమ్మకి వివరణ అక్కర్లేదు.

జాడ తీసేటప్పుడు

బొమ్మ ఇచ్చి వెతికే సాధనాల్లో గూగుల్ లెన్స్ దగ్గరి పోలికల్ని చూపిస్తుంది, టిన్‌ఐలో పాతవి ముందు వచ్చేలా వరస మార్చుకోవచ్చు. రెండూ వాడాలి. దొరికిన పేజీ తేదీని నమ్మకుండా, పాత వెబ్‌పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పేజీ మొదట ఎప్పుడు నమోదైందో చూడాలి. పాత పోస్టులో తర్వాత బొమ్మ మార్చే వీలుంటుంది. బొమ్మ మీద కూడా ఆనవాళ్లుంటాయి. సేవ్ చేసి మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ అక్షరాల అంచుల్లో మరకలు పెరుగుతాయి, మూలల్లో పాత పేజీల వాటర్‌మార్కులు సగం తెగి కనిపిస్తాయి. రెండు కాపీల్లో ఎక్కువ భాగం కనబడేది సాధారణంగా ముందుది. కత్తిరించింది వెనక్కి రాదు కదా.

వాట్సాప్ దగ్గర జాడ తెగిపోతుంది. ఫొటోగా పంపితే సైజు తగ్గిస్తుంది, కెమెరా వివరాలు తీసేస్తుంది. మిగిలే గుర్తు "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అనే జంట బాణం ఒక్కటే. ఐదు చేతులు దాటిందని దాని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం.

పేరుతో వెతకడం కూడా ఇప్పుడు కష్టమైంది. 2024 నవంబరులో అమెరికాలో ప్రభుత్వ సామర్థ్య విభాగాన్ని ప్రకటించి దాని పొడి అక్షరాల్ని ఈ మాటకే కుదిర్చాక, వెతుకులాటలో కుక్క అడుగున పడిపోయింది. తేదీ హద్దు పెట్టకుండా వెతికితే దొరికేది రాజకీయమే. పుకార్లతోనూ జాగ్రత్త. 2017 ఏప్రిల్ ఫూల్ రోజున కబోసు చనిపోయిందన్న అబద్ధం దేశాలు దాటింది. నిజంగా చనిపోయింది 2024 మే 24న, అదీ సతో తన బ్లాగులో రాశాకే ఖాయమైంది. ఏ మీమ్‌కైనా మూల వ్యక్తి సొంత పేజీ ఏదో ముందే గుర్తించి పెట్టుకుంటే ఇలాంటి రోజున పరువు దక్కుతుంది.

తెలుగులో ఆ తప్పు ఎక్కడ చేయాలి?

డోజ్ వ్యాకరణాన్ని తెలుగులోకి దించాలంటే ముందే ఒక గోడ తగులుతుంది. మన "చాలా" అన్నిటికీ సరిపోతుంది. చాలా పెద్ద, చాలా నీళ్లు, చాలా ఏడ్చాడు, చాలా త్వరగా. దేని పక్కన పెట్టినా తప్పవదు. తప్పవకపోతే నవ్వు రాదు. "చాలా కుక్క, చాలా భయం, వావ్" అని రాసిన బొమ్మలు చప్పగా ఉండేది ఇందుకే.

మన భాషలో గట్టిగా ఉన్న గీత వేరేచోట ఉంది. మనుషుల్ని లెక్కపెట్టే తీరు వేరు, మిగతావాటిది వేరు. ముగ్గురు పిల్లలు, మూడు కుక్కలు. చాలామంది చుట్టాలు, చాలా కుర్చీలు. చిన్నపిల్లలు తప్ప ఎవరూ దీన్ని తప్పరు. కాబట్టి తప్పాల్సింది ఇక్కడే: "ఇద్దరు ఆకలి. చాలామంది నిద్ర. నలుగురు సోమవారం." మచ్, మెనీల మధ్య డోజ్ ఆడిన ఆటకి తెలుగులో సాటి ఇదే. గౌరవవాచకం రెండో చోటు: "నిద్రగారు వచ్చారు, జీతంగారు ఇంకా రాలేదు." చీమ్స్ మ్‌కి మన సున్న సిద్ధంగానే ఉంది, కాకపోతే మాటకి ఒకటి మించితే చదవడం కష్టం.

బొమ్మ మీద తెలుగు రాసేటప్పుడు పాడయ్యేవి రెండు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. వాట్సాప్ స్టిక్కర్ 512 పిక్సెళ్ల చదరం, వెబ్‌పీ ఫైలు, కదలనిదైతే 100 కేబీ లోపు ఉండాలి. ఆ కొలతలో అక్షరానికి మందపాటి అంచు గీస్తే "ఘ", "ఝ" కడుపులు పూడుకుపోతాయి, కింది అంచుకి ఆనించి రాస్తే ఒత్తులు తెగిపోతాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్ తీసుకుని, అంచు సన్నగా గీసి, కింద ఒక ఒత్తు ఎత్తంత జాగా వదలాలి. పంపే ముందు కంప్యూటర్‌లో కాదు, ఫోన్ చాట్‌లో స్టిక్కర్ కనబడే అసలు సైజులో చదివి చూడాలి.

రాసిన ముక్క పాకుతుందో లేదో తెలుసుకోవడానికి నలుగురైదుగురున్న గ్రూపు చాలు. ఏ వివరణా లేకుండా పంపండి. "అర్థం కాలేదు" అంటే పొసగని జోడీ కుదరలేదు. నవ్వు ఎమోజీలు మాత్రమే వస్తే అది జోకు, అక్కడితో ఆగుతుంది. ఎవరో ఒకరు అడక్కుండానే "ముగ్గురు అన్నం, ఒక్కడు పప్పు" అని తిరిగి రాస్తే ఆ పొసగని జోడీ కిటుకు వాళ్లకి దొరికినట్టే, అది పాకుతుంది.